పదకొండు చొక్కాలు

కొర్లగుంటలో మా ప్రింటింగ్ షాపు మెట్లెక్కి
చెంగల్రాయులు టేబుల్ మీద ఒక పాత చొక్కా ఏసినాడు.
"ఇట్లాంటివి పదకొండు గావాల మేడమ్.
వెనకాల 'స్వర్ణముఖి హౌస్ షిఫ్టింగ్' అని పెద్దగా,
కింద ఫోన్ నంబరు.
రేణిగుంట రోడ్డులో లారీ పోతాంటే
పక్క బస్సులోవాడు కిటికీలోంచే చదవాల."

రెండు రోజులు కంప్యూటర్ ముందు కూర్చున్నా.
ఇంటికి చక్రాలు గీసినా,
రెక్కలు పెట్టి, సిగ్గేసి తీసేసినా.
పేరు నదిది గదా అని నీలం అల ఒకటి ఏస్తే
"నీళ్లు యాడుండాయమ్మా దాంట్లో" అన్నాడు.

రంగు దగ్గర ఇంకొక పూట పోయింది.
తెలుపు ఒక్క బీరువాకే మాసిపోతాది.
ఖాకీ ఆటోవాళ్లది, ఎరుపు రైల్వే కూలీలది.
పసుపొద్దు, నీలమొద్దు, ఎలక్షన్లొస్తాండాయి.
కాషాయమేస్తే కొండకు పొయ్యే గుంపనుకుంటారు.
ఆఖరుకు మిగిలింది
తడిసిన అట్టపెట్టె రంగు.

కొలతలకని దర్జీ ఖాసిం పీరాను వెంటబెట్టుకొని
బైరాగిపట్టెడలో మూడో అంతస్తుకు పోయినాము.
లిఫ్టు లేదు.
నేను పేరు రాసిన చోట
ఫ్రిజ్ కూర్చోనుండాది.
ముందర రాద్దామా అంటే
వంగినోడి రొమ్మును మెట్లు తప్ప ఎవురు చూస్తారు?
జేబులోంచి ఫోను రెండుసార్లు జారిపడింది,
రెండుసార్లూ ఎవురూ ఆగలా.

ఖాసిం పీరా కన్నయ్యను ఒకసారి కొలిచి
టేపు దులిపి మళ్లీ కొలిచినాడు.
ఎడమ భుజం బొటనవేలంత కిందికి దిగుండాది.
ఆ తర్వాత గోపాలుది. ఆ తర్వాత సిద్ధముని.
ఏడోవాడి దగ్గర టేపు మీద అనుమానం పోయింది.
"రెండు పక్కలా ఒకటే కొలత కుదరదమ్మా వీళ్లకు" అని
పుస్తకంలో ఒక గీత కొత్తగా గీసుకున్నాడు.

అందర్లోకి చిన్నోడు గురవయ్య నా పక్కన నిలబడి
"జేబు మీద నా పేరు ఎయ్యచ్చునాక్కా?
'ఏయ్ సోఫా, ఇట్లరా' అంటారు" అన్నాడు.
తాడు చుడతాండే నాగభూషణం తల ఎత్తకుండానే
"నాకొద్దు" అన్నాడు.
పోయినేడు తిరుచానూరు రోడ్డులో ఒకరింట్లో
వెండి దీపం కనపడలేదంట.
ఆ ఇంటామెకు గుర్తున్న పేరు ఇతనిదొక్కటే.
రెండు రాత్రులు స్టేషన్లో బల్ల మీద.
మూడో నాడు బియ్యం డబ్బాలో దీపం దొరికింది.
దొరికిందని చెప్పేదానికి మాత్రం
ఎవురూ ఫోను చెయ్యలా.

ఆ రాత్రి డిజైనంతా చెరిపి మళ్లీ మొదలుపెట్టినా.
వీపు ఖాళీగా వదిలేసినా.
కంపెనీ పేరు, నంబరు రెండు చేతుల మీదికి జరిపినా,
మోసేటప్పుడు బయట కనపడేవి అవే గనక.
ఎడమ భుజానికి లోపల ఇంకో మడత గుడ్డ.
జేబుకు గుండీతో మూత,
మూత కింద, చిన్న అచ్చరాల్లో, ఎవురి పేరు వాళ్లకు.
గుండీ ఇప్పేది ఇప్పకపోయేది వాళ్ల ఇష్టం.

చెంగల్రాయులు వీపు చూసి నసిగినాడు.
మడత గుడ్డకు చొక్కాకు పదహారు రూపాయలెక్కువంటే
ఇంకా నసిగినాడు.
"నీ లారీకి డబుల్ స్ప్రింగ్ ఎందుకేసినావన్నా" అంటే
టీ తాగేసి, అడ్వాన్సులో రెండొందలు తగ్గించి ఇచ్చి
పొయినాడు. ఆ రెండొందలు ఇంకా బాకీనే.

నెల తర్వాత నాగభూషణం వచ్చి
మూతకు రెండో గుండీ కుట్టించుకున్నాడు.
ఎందుకని నేనడగలా.

గురవయ్య మటుకు మూతను పైకి మడిచి
ఖాసిం పీరా చేత శాశ్వతంగా కుట్టించేసుకున్నాడు.
పద్మావతీపురంలో ఒక ముసలామె
అద్దాలు పెట్టుకొని మరీ చదివిందంట.
"గురవయ్యా, మజ్జిగ తాగి పోదువు రా నాయనా."
అప్పటికే వాషింగ్ మిషను వీపెక్కుండాది,
తల ఊపేదానికి లేదు.
తాడు పట్టుకున్న వేళ్లే
కాస్త ఊపినానక్కా, అన్నాడు.